గుడ్డ కప్పిన గిన్నె

దాదావలికి ఒళ్ళు మండిపోతోంది.

ఆదోని దగ్గర ఒక సూఫీ గురువుల మఠం. దాదావలి, ఖలందర్ అక్కడి శిష్యులు. ఆ పొద్దున గురువు బుర్హాన్ షా అందరినీ కూర్చోబెట్టి, తన తర్వాత మఠం చూసుకునేది ఖలందరేనని చెప్పి, తన శాలువా తీసి అతని భుజాన వేశాడు. ఆ శాలువా తన భుజం మీదికే వస్తుందని దాదావలి ఏళ్ళుగా నమ్మాడు. అరబీ చదివింది తను. వచ్చినవాళ్ళకు అర్థాలు చెప్పేది తను. ఖలందర్ చేసేదల్లా ఫకీర్లకు అన్నం వడ్డించడం. నలుగురిలో నోరు విప్పడం కూడా రాదు.

పైగా మేనమామ మక్కా నుంచి తెచ్చిన ఖర్జూరాలను, శాలువా దక్కిన రోజున పంచుదామని పెట్టెలో దాచుకున్నాడు. ఇప్పుడు వాటిని ఎవరికి పెట్టాలి? చీమలకా?

అయినా లోకం కోసం లేచాడు. అందరూ "ముబారక్" అని ఊరుకుంటే, ఇతను ఖలందర్‌ను వాటేసుకుని, అరబీలో పొడుగాటి దీవెన చదివాడు. జనం వహ్వా అన్నారు. ఖలందర్ కళ్ళు చెమర్చాయి. కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అని పెద్దలు ఊరికే అనలేదు.

జనం వెళ్ళగానే నేరుగా గురువు గదిలోకి పోయాడు.

"నాలో ఏం తప్పు కనపడింది హజ్రత్?"

గురువు తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "ఖలందర్‌కు ఏమని చెప్పినావు?"

"అల్లా నీకు బరకత్ ఇవ్వాలని."

"బరకత్ అంటే?"

చదువుకున్నవాడు దానికి తడుముకుంటాడా? "కొంచెం ఉన్నది పెరగడం. వచ్చింది నిలవడం. ముబారక్ అనే మాటా దాన్నుంచి పుట్టిందే, ఉత్త మెచ్చుకోలు కాదు హజ్రత్. ఎదుటివాడి కోసం మనం అడిగే దువా."

"బాగా చెప్పినావు. పో."

పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ రాత్రి అన్నం కూడా ముట్టలేదు.

మర్నాడు గురువే పిలిచాడు. ఎదురుగా ఒక మందపాటి రాగి గిన్నె, దాని మీద జరీ అంచు పట్టుగుడ్డ.

"ఖలందర్ ఇంటికి తీసుకుపో. దారిలో గుడ్డ తీయొద్దు."

గురువు కానుక మోసేది తనే కదా అని కాస్త గర్వపడ్డాడు కూడా.

ఖలందర్ ఇంటి నిండా చుట్టాలు. ఖలందర్ లేచి గిన్నెను రెండు చేతులా అందుకుని తల్లికిచ్చాడు. ఆమె గుడ్డ తీసింది. గిన్నెలో ఏమీ లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. దాదావలి ముఖం కందగడ్డలా అయింది.

ముసలామె గిన్నె లోపలికి పట్టుకుపోయి, మళ్ళీ గుడ్డ కప్పి తెచ్చింది.

"వచ్చిన గిన్నెను ఉత్తగా తిప్పి పంపకూడదు నాయనా."

దాదావలి విసవిసా నడిచొచ్చి గిన్నెను గురువు ముందు ఠంగుమని పెట్టాడు.

"పదిమందిలో నా పరువు తీశారు. ఖాళీ గిన్నెకు అంత మంచి గుడ్డ కప్పి పంపుతారా ఎవరైనా?"

ఈసారి గురువుకూ కోపం వచ్చింది. "నిన్న నువ్వు పంపలేదా? నీ అరబీ దీవెన దీనికంటే మంచి గుడ్డ."



గురువు గుడ్డ లాగేశాడు. గిన్నె నిండా మలీదా. రొట్టె నలిపి, నెయ్యీ బెల్లం కలిపి చేసింది, ఇంకా వెచ్చగా ఉంది. తనొక పిడికెడు తీసుకుని, మిగిలింది శిష్యుడి వైపు తోశాడు. నిన్నటి నుంచి పస్తున్నవాడు కదా, తిన్నాడు.

తిన్నాక గిన్నె కడిగాడు. పోయి పెట్టె తెరిచి, ఖర్జూరాలన్నీ అందులో కుమ్మరించాడు. తనకంటూ ఒక్కటీ ఉంచుకోలేదు.

తిరిగొచ్చి గడప దగ్గర ఆగాడు. "నా కోపం ఇంకా పోలేదు హజ్రత్. వాణ్ణి చూస్తే మళ్ళీ మండుతుంది."

"మండితే మండనీ. తీసుకుపో."

దాదావలి పట్టుగుడ్డ కోసం చెయ్యి చాపాడు. గురువు దాన్ని మడిచి తన మోకాలి కింద పెట్టుకున్నాడు.

"నిండు గిన్నెకు గుడ్డ ఎందుకురా?"