సున్నపుతేట తెల్లబడిన కథ

ఒకప్పుడు సున్నపుతేటలోకి ఎంత ఊదినా రంగు మారేది కాదు. ఏటినీళ్ళలా అలాగే ఉండేది.

ఆ రోజుల్లో ఒక కొండమీది సున్నపురాతిలో సున్నమ్మ, బొగ్గుగాలి ఉండేవాళ్ళు. సున్నమ్మ క్షారాల ఇంటి పిల్ల. బొగ్గుగాలి ఆమ్లాల ఇంటివాడు, ఆ ఇంట్లో అందరికంటే బలహీనుడు. ఇళ్ళు వేరైనా అక్కా, తమ్ముడూ అని పిలుచుకునేవాళ్ళు. సున్నమ్మ రెండు చేతులతో అతణ్ణి పట్టుకుని ఉండేది. బయట ఎండో వానో కూడా అతనికి తెలిసేది కాదు.

ఒకనాడు నిమ్మకాయ ఒకటి రాలి ఆ రాతిమీద పగిలింది. అందులోంచి పుల్లయ్య దిగాడు. అతనిదీ ఆమ్లాల ఇల్లే, కానీ బలశాలి.

"సున్నమ్మా, నేను తాకితే చురుక్కుమంటుందని నన్నెవరూ దగ్గరికి రానివ్వరు. ఒక్కసారి చెయ్యి అందించవూ?" అన్నాడు.

"వద్దక్కా!" అన్నాడు బొగ్గుగాలి.

"పాపంరా. ఒక్క చెయ్యేగా!" అంది సున్నమ్మ.

పుల్లయ్యది ఉడుంపట్టు. ఒక చెయ్యి ఇస్తే రెండోదీ లాక్కున్నాడు. పట్టు తప్పిన బొగ్గుగాలి బుస్సుమని బుడగలు బుడగలుగా బయటపడ్డాడు.

"అక్కా!"

సున్నమ్మ తిరిగి చూసింది. చేతులు మాత్రం విడిపించుకోలేకపోయింది.

బొగ్గుగాలి ఒళ్ళు బరువు. పైకి ఎగరలేక కొండవాలున జారుతూ కిందికి వచ్చాడు. ఒక ఇంట్లో దీపం కనిపించింది.

"దీపమ్మా, కాసేపు నీ పక్కన కూర్చోనా?"

"అమ్మో, నువ్వొస్తే నాకు ఊపిరాడదు! అవతలికి..."

మాట పూర్తికాకుండానే దీపం కొండెక్కింది. ఇల్లంతా చీకటి. బొగ్గుగాలి సిగ్గుతో చితికిపోయి బయటికి వచ్చేశాడు.

ఇక ఎవరి దగ్గరికీ పోలేదు. ఒక పాడుబావిలోకి దిగి అడుగున కూర్చున్నాడు. అక్కడ కప్పయినా లేదు. "అక్కా" అని పిలిస్తే తన గొంతే తిరిగి వచ్చేది. కొన్నాళ్ళకు పిలవడమూ మానేశాడు.

ఒక పెద్ద గాలివాన ఆ బావిని కలియదిప్పి, అతణ్ణి ఎత్తుకుపోయి ఒక సున్నపుబట్టీ దగ్గర పడేసింది. అక్కడ కుండలో సున్నపుతేట ఉంది.

"ఎవరది?" అంది లోపలి నుంచి ఒక గొంతు.

"అక్కా! నువ్వేనా?"

"నీ అక్కను కాను నాయనా, వేరే రాతి సున్నాన్ని. నాకూ ఒక తమ్ముడుండేవాడు. బట్టీలో మంట వాణ్ణి తరిమేసింది. ఎక్కడున్నాడో ఏమో."

బొగ్గుగాలి కుండ అంచుదాకా వచ్చాడు.

"లోపలికి రానా?" అన్నాడు బొగ్గుగాలి. "నేనొస్తే దీపాలు ఆరిపోతాయి మరి."

"ఇక్కడ దీపమెక్కడిది? రా."

అతను మెల్లగా దిగాడు. ఆమె రెండు చేతులూ చాచింది. తేట కాస్తా పాలలా తెల్లబడింది.

"నువ్వు వాడివి కావు," అందామె.

"నువ్వూ ఆమెవు కావు. అయినా గట్టిగా పట్టుకో."

అప్పటినుంచే, మనం గొట్టంతో సున్నపుతేటలోకి ఊదితే, మన ఊపిరిలోని బొగ్గుగాలి లోపలికి దిగుతాడు, తేట తెల్లబడుతుంది. కదపకుండా ఉంచితే ఆ తెలుపు సుద్దపొడిలా కుండ అడుగుకి చేరి, చప్పుడు లేకుండా అక్కడే ఉండిపోతుంది.