ఊఁ అనని బొమ్మ

పాలకొండ దాటాక నాగావళి ఒడ్డున ఒక చిన్న ఆశ్రమం ఉంది. అక్కడి గురువు పరాంకుశంగారికి ఒక అలవాటు. ఎవరి మీదనైనా తీర్పు కోరుతూ శిష్యులు ప్రశ్న వేస్తే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. పని ముగించుకొని వచ్చేసరికి అడిగినవాడు ఆ ప్రశ్నను మళ్ళీ అడగడానికి మొహమాటపడతాడు.

ఒకనాటి ఉదయం వామనం అడిగింది అలాంటి ప్రశ్నే.

"గురువుగారూ, జోగినాయుణ్ణి ఇకమీదట భజనకు రానివ్వవచ్చా?"

వామనం అక్కడ పెద్ద శిష్యుడు. స్వామికి రోజూ పవళింపు సేవ చేసేది అతనే. చిన్న కృష్ణ విగ్రహాన్ని ఊయల మంచం మీద పడుకోబెట్టి, పట్టుగుడ్డ కప్పి, జోలపాట ముగియగానే తలుపు వేస్తాడు. అతని మడికి వంకపెట్టగలవాడు లేడు. అందువల్లనే కాబోలు, ఎదుటివాళ్ళ మడి మీద కూడా అతనికి కాస్త శ్రద్ధ ఎక్కువ.

జోగినాయుడు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. పిల్లలు లేరు. భార్య సన్యాసమ్మ పక్షవాతంతో ఏళ్ళ తరబడి మంచాన పడి, కిందటేడు పోయింది. శనివారం భజనలో అతను తాళాలు వేస్తాడు. వారం మొత్తంలో నలుగురి మధ్య కూర్చునేది ఆ ఒక్క పూటే. అలాంటివాడి ఇంట్లో, గ్యాసు బండ దింపడానికి వెళ్ళినవాడు మంచం మీద ఒక బొమ్మను చూశాడు. తల లేదు, చేతులు లేవు, కాళ్ళు తొడల దగ్గరే ఆగిపోయాయి. మిగిలిందంతా ఆడమనిషి ఒళ్ళే, చర్మంలాగే ఉండే మెత్తటి రబ్బరుతో చేసింది. ఒంటరి మగవాళ్ళ కోసం చేసి అమ్మే సరుకు అది. గోరంతను కొండంత చేసే శ్రమ కూడా ఊరికి లేకపోయింది, ఉన్నదే కొండంత ఉంది.

గురువుగారు ఆకులో ప్రసాదం కట్టి వామనం చేతిలో పెట్టారు. "ఇది అతనికి ఇచ్చి రా. రావద్దని చెప్పాలనిపిస్తే అదీ నువ్వే చెప్పు."

వామనం దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాడు. జోగినాయుడు అతన్ని చూడగానే లేచి కుర్చీ దులిపాడు.

"రండి బాబూ, కూకోండి. రావొద్దని సెప్పడానికే గదా వచ్చినారు."

వామనం ప్రసాదం అందించాడు. జోగినాయుడు కళ్ళకద్దుకొని, గోడ గడియారం వైపు చూసి, "ఒక్క చిటికె బాబూ" అంటూ లోపలి గదిలోకి వెళ్ళాడు.

తలుపు తెరిచే ఉంది. పాపం ఎలా ఉంటుందో చూద్దామని వామనం తొంగిచూశాడు. అందులో దాచేదేమీ లేదు. బొమ్మకు పాత నూలుచీర ముక్క చుట్టి ఉంది. జోగినాయుడు ఒక చెయ్యి దాని భుజం కిందికి, ఒక చెయ్యి నడుం కిందికి పోనిచ్చి, కుదుపు లేకుండా పక్కకు తిప్పాడు. వెనక దిండు ఎగదోశాడు. వీపు మీద పౌడరు చల్లి, కమిలిన చోటు ఎక్కడైనా ఉందేమోనని అరచేత్తో మెల్లగా తడిమి చూశాడు. తర్వాత వంగి, లేని తల ఉండవలసిన చోట చెవి పెట్టి ఆగాడు. చాలాసేపు ఆగాడు.

బయటికి వచ్చి జోగినాయుడు నేల మీద కూలబడ్డాడు.

"దేనికి కొన్నానో దాయను బాబూ. మీరందరూ అనుకున్నదానికే కొన్నాను. పెళ్ళాం పోనాది గానీ ఈ ఒళ్ళు పోలేదు గదా. తెచ్చి మంచం మీద పెట్టినాను. సేతులు నా మాట యినలేదు. పక్కకి తిప్పీసినాయి."

వామనం కుర్చీలో కూర్చున్నాడు.

"ఒకేవైపు పడుకోబెట్టి ఒగ్గీకు, ఈపు పుండు పడిపోద్ది, రెండు గంటలకోసారి తిప్పు, పౌడరు రాయి అని అప్పుడు నర్సమ్మ సెప్పింది. సన్యాసమ్మకి ఒక్క పుండు పడనియ్యలేదు బాబూ. పోనాక నీళ్ళు పోసినోళ్ళు ఆ ఈపు సూసి నాకు దండం పెట్టినారు. ఈ బొమ్మనీ ఒకేవైపు ఒగ్గీకూడదంట, సొట్ట పడిపోద్దంట, పౌడరు రాయాలంట. అమ్మినోళ్ళే సెప్పినారు. అది యిని నానెంత ఏడిసినానో!" అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సన్యాసమ్మకి మాట పోనాది గానీ, తిప్పినప్పుడల్లా 'ఊఁ' అనీది. హాయిగా ఉన్నాదని. ఇది అనదు బాబూ. అనదని తెలుసు. అయినా సెవి ఊరుకోదు."

వామనం లేచాడు. గుమ్మం దాకా సాగనంపుతూ జోగినాయుడు, "రావొద్దంటే రాను. గానీ నాకున్నది ఆ శనివారం ఒక్కటే" అన్నాడు. వామనం చెప్పులు తొడుక్కొని ఆశ్రమం దారి పట్టాడు.

ఆశ్రమానికి తిరిగి వచ్చేసరికి గురువుగారు స్వామి పట్టుగుడ్డను ఎండలో ఆరవేస్తున్నారు. వామనం చూసింది చూసినట్టు చెప్పాడు. చివర మాత్రం అతనిలోని పెద్ద శిష్యుడు ఊరుకోలేదు.

"అతన్ని చూస్తే జాలేసింది గురువుగారూ. కానీ అది రబ్బరు. పలకనిదాని దగ్గర అలా చెవి పెట్టుకొని ఉండటం వెర్రి కదా?"

పరాంకుశంగారు గుడ్డ మడతలు సరిచేసి, నీళ్ళు పిండిన చేతులు తుడుచుకున్నారు.

"ఈ శనివారం స్వామిని జోగినాయుడు పడుకోబెడతాడు. నువ్వు గుమ్మంలో నిలబడి చూడు."