పుట్టింటమ్మ సింత

దండాలండి. పుట్టింటమ్మ తల్లిని సూడ్డానికి వొచ్చిన ఆడబిడ్డలకీ, ఆళ్లని తీసుకొచ్చిన మగోళ్లకీ అందరికీ దండాలు. నా పేరు దాలయ్య. అచ్చరం ముక్క రానోణ్ని. తల్లి కత పుస్తకం అచ్చేయిత్తామని గుడి పెద్దలు ఈ ఫోను నా ఎదర పెట్టి, "తాతా, నీకు తెలిసింది తెలిసినట్టు సెప్పీ, మావు రాసుకుంటాం" అన్నారు. సెప్తన్నాను. తప్పుంటే తల్లి సూసుకుంటాది.

మీరు గట్టు దిగి వొత్తంటే గోపురం ఏదని ఎతుకుతారు. ఎతక్కండి. ఆ కనపడతన్న సింత సెట్టే గోపురం, అదే గుడి, అదే తల్లి. మొదలు సుట్టూ తొమ్మిదిమంది సేతులు సాపి పట్టుకున్నా ఇంకో మనిసికి సందు మిగులుతాది. ఎన్నేళ్లదో ఎవులికీ తెల్దు. మా తాత సిన్నప్పుడు కూడా ఇది ముసల్దేనంట. మొదలికి తూరుపు పక్కన, నెలలు నిండిన ఆడమనిసి కడుపునాగ ఒక బొడిపి వుంటాది. పసుపు రాసి బొట్టెట్టీది దానికే. ఎవులూ సెక్కింది కాదు, సెట్టుతోపాటు పుట్టిందే.

ఇంక పైకి సూడండి. సూసీముందు నెత్తి మీద తువ్వాలేసుకోండి, తరవాత నన్నంటే కాదు. వినాయక సవితి ఎల్లిన కాణ్నుంచి ఉగాది దాకా కొమ్మకొమ్మకీ గూడే. ముక్కు కింద సంచి ఏలాడతాదే, అవి గూడకొంగలు. ఎనక గులాబీ రంగు ఈకలున్నవి ఎర్రకాళ్ల కొంగలు. తొర్రల్లో రామసిలకలు, పగలంతా తలకిందులుగా గబ్బిలాలు, ఉడతలు, తొండలు, నడికొమ్మకి తేనెపట్టు. బెరడు సందుల్లో సీమలకి ఎన్ని ఊళ్లున్నాయో ఆటికే తెలియాల. పడమటి వేరు కింద నాగుపాముంది. దాని జోలికి మీరెల్లకండి, అది మీ జోలికి రాదు. సెట్టు కింద మేకలు, మేకల పక్కన మావు. ఎవుల వాటా నీడ ఆళ్లది.

పూర్వం ఇక్కడ ఊరు నేదు. సెట్టూ, సెట్టు పక్కన పారే గెడ్డా, అంతే. కోనయ్యని ఒక గొర్రెల కాపరి ఎండేళ మందని నీడకి తోలుకొచ్చినాడు. గొర్రెలు పడుకోకుండా ఆ బొడిపి సుట్టూ నిలబడిపోనాయి. ఏటా అని ఎల్లి సూత్తే, వేళ్ల మద్దిన పాత గుడ్డలో ఆడపిల్ల! ఏడుపు నేదు. పైన పిట్టల్ని సూసుకుంటా కాళ్లాడిత్తంది. కోనయ్యకి పెళ్లాం నేదు, పిల్లల్నేరు. "నీకెవులూ నేరేటి? నాకూ నేరు. పద" అని ఎత్తుకున్నాడు. ఊరికే తీసుకెల్తే దిట్టి తగులుతాదని, దోసెడు తవుడు సెట్టు మొదట్లో పోసి, "ఈ పిల్లని నీ కాడ కొనుక్కున్నాను తల్లీ" అన్నాడు. అందుకే దానికి తవుడమ్మని పేరొచ్చినాది.

గొర్రెపాలు తాగి పెరిగినాది. ఈడొచ్చినాక గెడ్డకవతల ఊళ్లో గానుగాడి నూనె తీసీ గంగులుకిచ్చి పెళ్లి సేసినాడు. మరి రెండేళ్లకి కోనయ్య కాలం సేసినాడు. ఆయనున్నన్నాళ్లూ ఆ గొర్రెల దొడ్డే పిల్లకి పుట్టిల్లు. ఆయన పోయినాక అదీ నేదు.

అలాంటప్పుడు తవుడమ్మకి కడుపు పండినాది. మా యేపు ఆనవాయితీ మీకు తెలిసిందే, తొలి పురుడు పుట్టింట్లోనే పోసుకోవాల. అత్త సూరమ్మ మంచిదే గానీ నోరు మంచిది కాదు. "ఊళ్లో కోడళ్లందరూ పుట్టిళ్లకి ఎల్తన్నారు. మన మారాణి బండి ఎక్కడికి కట్టాల? గొర్రెల దొడ్డికేటి?" అనీది. తవుడమ్మ, "ఎల్తాన్లే అత్తా" అనీసి ఊరుకునీది. ఎక్కడికో సెప్పీది కాదు.

అదే అదునులో గానుగ రోలు బీట తీసినాది. నువ్వులేత్తే నూనె కిందకి కారిపోతంది. గానుగ ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే. వడ్రంగి వీరాసారి వొచ్చి సూసి, "దీనికి అతుకు పడదు గంగులూ. కొత్త రోలే తొలవాల. అంత లావు సింత మాను ఈ సుట్టుపక్కల ఒకటే వుంది" అన్నాడు. ఏదో సెప్పక్కర్నేదు. గంగులు తలొంచుకుని, "కానియ్యండి" అన్నాడు. పెళ్లాం దొరికిన సెట్టని ఎరక్క కాదు. ఇంటిల్లిపాదీ తినాల కదండి.

వడ్రంగోళ్లకి ఒక కట్టుబాటుంది. పెద్ద మాను కొట్టీముందు దాని కింద కొబ్బరికాయ కొట్టి, అందులో కాపరముండే జీవాలన్నిటినీ మూడు మాట్లు సెలవడగాల. ఎవులూ కాదనకపోతేనే గొడ్డలెయ్యాల. సీమ కాదంటాదా, ఉడత కాదంటాదా? వీరాసారి తాత కాణ్నుంచీ ఎన్ని మానులు కొట్టినారో గానీ, ఏనాడూ ఎవులూ కాదన్నేదు.

మర్నాడు పొద్దున్నే వీరాసారి సెట్టు కింద నిలబడి కేకేసినాడు. "ఈ సెట్టు మీదున్నోళ్లూ, లోపలున్నోళ్లూ, కిందున్నోళ్లూ! నానీ మాను కొట్టుకుంటాను. ఇల్లు ఖాళీ సేసి ఇంకో సోటికి ఎల్లిపోతారా?"

"నాను పోను" అని సెట్టు ఎనక నుంచి వినపడినాది.

వీరాసారి సేతిలో కొబ్బరి సెక్క జారిపోనాది. గంగులు సుట్టు తిరిగెల్లి సూసినాడు. బొడిపికి నడుం ఆన్చి తవుడమ్మ కూకున్నాది. పక్కన నీళ్ల కుండ, నెత్తికి అడ్డం పెట్టుకునీ తాటాకు గిడుగు, పాత సీరల మూట.

"ఏటే ఇది! లెగు, ఇంటికి పద."

"పురిటికి పుట్టింటికొచ్చినాను. ఎల్లు ఎల్లని రోజూ మీయమ్మే కదేటి అంటంది?"

"సెట్టు పుట్టిల్లేటే, ఎర్రిదానా!"

"మా నాన్న నన్ను కొనుక్కున్నది ఈ తల్లి కాడే. మరి ఇక్కడికి కాపోతే ఎక్కడికెల్తాను?"

"రోలు నేకపోతే ఏటి తింటామే?"

"సెట్టు నేకపోతే నానెక్కడ కంటాను?"

ఇద్దరి మాటా నిజమే. వీరాసారి గొడ్డలెత్తి భుజానేసుకున్నాడు. "గంగులూ, కాదన్నాక గొడ్డలేత్తే నా సేతులు పడిపోతాయి. పైగా ఇప్పుడిది పురుటిల్లు. మైల ఎల్లీదాకా పదకొండ్రోజులు ఇనుము తాకించకూడదు" అనీసి ఎల్లిపోనాడు.

సంగతి తెలిసి సూరమ్మ గెడ్డ అవతలి ఒడ్డునే నిలబడి అరిసినాది. "రోలు తెచ్చిన నాడే నా గడప తొక్కమను దాన్ని!" అంటే ఏటైందండీ, సెట్టు నిలబడితే పిల్లకి అత్తిల్లు నేదు. అత్తిల్లు కావాలంటే సెట్టుండకూడదు.

మూడో నాడు తవుడమ్మ ఆడపిల్లని కన్నాది. గొర్రెల కాపర్ల ఆడోళ్లు ఇద్దరొచ్చి పురుడు పోసినారు. బాలింతకి కూరెవులెడతారు? సెట్టే ఎట్టినాది. పైన కొంగలు పిల్లలకి సేపలు తెత్తాయి కదా, ఆ పిల్లలు ఆత్రం కొద్దీ సగం జారవిడుత్తాయి. రోజూ పొద్దున్నే నాలుగు పరిగి సేప పిల్లలు గిడుగు మీద టపటపా పడీవి. పరిగి కూర తింటే బాలింతకి పాలు పడతాయి. పుట్టింటోళ్లకి తెల్దేటండీ! సేపలతోపాటు రెట్టలూ పడీవనుకోండి. "ఓలప్పలారా, మీ సెల్లి ఇయ్యాలే తలకి పోసుకుందే!" అని పైకి సూసి తిట్టీదంట.

పురుడైన పదకొండో నాడు వీరాసారి మళ్లీ వొచ్చి మళ్లీ అడిగినాడు.

"నాను పోను."

"అదేటమ్మా, నీ పురుడెల్లిపోనాది కదా!"

"నాదెల్లిపోనాది బావూ. ఓ పాలి పైకి సూడు, మా అప్పలెంతమంది పురిటికొచ్చినారో. ఆళ్లదెల్లిందేటి? ఆడపడుసులు పురిట్లో వుండగా మీ ఇళ్లల్లో ఇల్లు పీకేత్తారా?"

వీరాసారి తలెత్తి సూసినాడు. గూట్లోంచి ఒక పిల్ల తొంగి సూసి ఆయన తలపాగా మీద రెట్టేసినాది. "ఇదీ కాదంటంది గంగులూ" అని తలపాగా ఇప్పుకుని దులుపుకున్నాడు. గంగులుకి నవ్వొచ్చినాది, ఏడుపొచ్చినాది. ఆ రోజే మొదటిసారి కూతుర్నెత్తుకున్నాడు. ఆ మర్నాటి నుంచి ఇంకోళ్ల గానుగ కాడ కూలికెల్లి, సందేళ అంబలి కుండ మోసుకొచ్చి పెళ్లానికిచ్చీవోడు.

అలాగ మాగమాసం ఎల్లినాది, పాల్గుణం ఎల్లినాది. పిల్లలకి ఈకలొచ్చినాయి. ఒక్కో గూడే ఖాళీ అవతంటే తవుడమ్మకి ఒకపక్క సంతోసం, ఒకపక్క గుబులు. ఆఖరి పిల్ల ఎగిరిపోనాక సెప్పడానికి దానికాడ మాట నేదు.

ఉగాది ఎల్లిన ఆదోరం. ఒక్క గూట్లో ఒక్క పిల్ల మిగిలినాది. మూడు నాళ్లుగా గూటి అంచున నిలబడి రెక్కలు కొట్టుకుంటంది, దూకనంటంది. ఆ మజ్జానం దూకీసినాది. కింద పడతాదేమోనని తవుడమ్మ కొంగు పట్టి పరిగెట్టినాది. పడనేదు. గెడ్డ మీదుగా ఎల్లిపోనాది. తిరిగి సూత్తే గొడ్డలట్టుకుని వీరాసారి, ఆయన పక్కన గంగులు నిలబడున్నారు.

సరిగ్గా అదే ఏళకి గెడ్డకవతల సూరమ్మ అన్నం తిని అరుగు మీద కునుకు తీత్తంది. కలలో ఒక ముసలామె కనబడినాదంట. సింతాకు రంగు సీర, ఒళ్లో పదిమంది పిల్లలు, భుజాల మీద పిట్టలు, కొప్పులో ఉడత. "వొదినా" అని పిలిసినాదంట. "వొదినా, మన పిల్లని పంపుతన్నాను. సారె పెడతన్నాను. ఉన్నదాంట్లో ఇచ్చినాను, తక్కువైందని పిల్లని దెప్పకు." పెపంచంలో ఎవులికైనా ఎదురు సెప్పగలిగిన సూరమ్మ దిగ్గున లెగిసి, కొప్పు ముడేసుకోకుండానే గెడ్డలో దిగి పరుగందుకున్నాది.

ఇక్కడ వీరాసారి కాయ కొట్టి ఒక మాటు అడిగినాడు. తవుడమ్మ పలకనేదు. రెండో మాటు అడిగినాడు. పిల్లని గుండెకి అదుముకున్నాది. అప్పలందరూ ఎల్లిపోనారు. ఇంకా వున్నారని అబద్దమాడ్డం దానికి సేతకాదు. గంగులు మొకం తిప్పుకున్నాడు. వీరాసారి మూడో మాటుకి గొంతు సవరించుకున్నాడు.

గాలి నేదు. ఆకు కదల్నేదు. పైన సెట్టు మూలిగినట్టు సప్పుడైనాది. ఉత్తరం పక్క పెద్ద కొమ్మ, కొమ్మంటే కొమ్మ కాదండి, ఇద్దరు కావలించుకోవాల, అది మెల్లగా, ముసల్ది సెయ్యి నేలకి ఆన్చి కూకున్నట్టు, ఒరిగి కిందకి దిగినాది. ఒక్క మనిసికి దెబ్బ తగల్నేదు. కాండం నిలబడిందే నిలబడినట్టుంది.

వీరాసారి ఎల్లి మూరేసి సూసినాడు. రోలుకి సరిపడా వుంది, రోకలికీ వుంది. గొడ్డలి కింద పడేసి దండమెట్టినాడు. అప్పుడే సూరమ్మ తడిసిన సీరతో రొప్పుకుంటా వొచ్చినాది. కొమ్మని సూసినాది, కోడల్ని సూసినాది, మనవరాల్ని సూసినాది. సెట్టు ఎదరకెల్లి కొంగు సరిసేసుకుని, "సారె ఘనంగానే ఎట్టినావు గానీ వొదినా, మనవరాలికి ఉయ్యాల మరిసిపోనావేటి?" అన్నాదంట!

ఆ నోరు మారదండి. వీరాసారి నవ్వుకుంటా మిగిలిన సెక్కతో ఉయ్యాల కూడా సేసినాడు. కోడల్ని ముందు నడిపించుకుని, పిల్లని తనే ఎత్తుకుని సూరమ్మ గెడ్డ దాటినాది. కొన్నాళ్లకి ఆ ఊరు ఊరంతా సెట్టు సాయకి వొలసొచ్చీసినాది. అందుకే మా ఊరు పుట్టింటివలస, మా తల్లి పుట్టింటమ్మ.

ఇప్పటికీ ఆఖరి పిల్ల ఎగిరీదాకా మావు సింతకాయకి కర్ర తగిలించం. దీపాల పండక్కి టపాకాయ కాల్చం. ఉగాది ఎల్లిన ఆదోరం వీరాసారి వంశపోళ్లొచ్చి సెట్టు కింద మూడు మాట్లు సెలవడుగుతారు. పుట్టిల్లు నేని ఆడబిడ్డలు ఎక్కడెక్కడి నుంచో వొచ్చి మూడు మాట్లూ కాదంటారు. అమ్మానాన్న పోయినోళ్లు, అన్నదమ్ములు తలుపేసుకున్నోళ్లు, ఎవులైనా సరే. కులం అడగం. సలిమిడి, పసుపు, గాజులు, కొత్త సింతపండు సారె పెట్టి, మా ఆడోళ్లు గట్టు దాకా ఎల్లి సాగనంపుతారు.

మా ఆదెమ్మ, నా ఇంటిది, తుపానులో అందర్నీ పోగొట్టుకున్న మనిసి. మా ఇంటికీ సెట్టుకీ నలభై అడుగులు. తొలి పురుడికి ఆ నలభై అడుగులకీ బండి కట్టమన్నాది. "పుట్టింటికి నడిసెల్తే నవ్వరేటి?" అన్నాది. కట్టినాను. ఎద్దులు కదిలీలోపే దిగాల్సొచ్చినాది.

ఈ మాగంలో ఎల్లిపోనాది. ఆడమనిసికి ఆఖరి సీర పుట్టింటి నుంచే రావాల కదండి. "ఎవులు తెత్తారు మావా?" అని కోడళ్లడిగినారు. ఊరి ఆడోళ్లు నన్నడగనేదు. సెట్టు కాడికెల్లి, బొడిపి కాడ తల్లికి కట్టిన సీర ఇప్పి, రెండు సేతుల మీదా పట్టుకొచ్చినారు. ఆదెమ్మకి కట్టినారు. తల్లి ఆ పూటంతా వుత్త బెరడుతోనే వుంది. పైన కొంగలు పిల్లలకి మేతెడతన్నాయి. నా ఆదెమ్మ పుట్టింటి సీరలో ఎల్లినాది.

అదండి మా తల్లి మయిమ. మొక్కితే మిద్దెలొత్తాయని నాను సెప్పను. ఎల్లడానికి ఒక ఇల్లుంటాది, అంతే. గెడ్డలో కాళ్లు కడుక్కుని రండి. తలుపు నేదు, తియ్యమని అడగక్కర్నేదు. పిల్లాపాపలతో సల్లగుండండి తల్లీ, ఎప్పుడు మనసైతే అప్పుడు రండి.