సంచీలో మేకు

సోణుడికి రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. కారణం ఒక సంచీ.

కొండల అవతల ఒక మారుమూల ఊరికి బయల్దేరాలి. యుద్ధం ఆగిపోయి ఏళ్లు గడిచినా, ఆ ఊరివాళ్లు నీటి ఊటకు వెళ్లే బాటలో సైనికులు పాతిపెట్టిన మందుపాతరలు అలాగే ఉన్నాయి. అలాంటివి వెతికి తీసి బాటలు తెరవడం సోణుడు ఉండే బౌద్ధ ఆరామంలోని భిక్షువులు ఎప్పటినుంచో చేస్తున్న పని. ఇన్నాళ్లూ సోణుడు గురువు ఉపసేనుడి వెనకాల నడిచాడు. ఈసారి ముందు నడవాల్సింది తనే. గురువుకి మోకాళ్లు మొరాయించాయి. తోడుగా వస్తానన్నాడు గాని, నేల మీద కూర్చుని జానెడు జానెడు వెతికే పని ఇక తనవల్ల కాదన్నాడు.

చేతిలో ఉండేది ఒక్క మెటల్ డిటెక్టర్. పొడుగాటి కర్ర, కింద చివర పళ్లెం, పైన పిడి. పళ్లేన్ని నేలకు దగ్గరగా ఆడిస్తూ పోతే, లోపల ఇనుము ఉన్నచోట అది చెవుల్లో కూస్తుంది. లేకపోతే ఊరుకుంటుంది. దారిలో అది చెడిపోతే ఆ కొండల్లో బాగుచేసేవాడు లేడు, సామాను అమ్మే కొట్టూ లేదు. కాబట్టి విడిభాగాలు వెంట తీసుకెళ్లాలి. నిట్టనిలువు దారి గనక ఒక్క సంచీకి మించి మోయలేరు. అందులో ఏవి పెట్టుకోవాలన్నదే సోణుడి బాధ.

ఆరామం వసారాలో చాప పరిచి అన్నీ దాని మీద పేర్చుకున్నాడు. బ్యాటరీలు, ఇంకో పళ్లెం, దాన్ని పిడికి కలిపే కేబుళ్లు, చెవులకు తగిలించుకునేవి, పిడిని పట్టి ఉంచే మరలు. ఏది పక్కన పెడితే అదే చెడిపోతుందనిపించేది. మరలు తీసేస్తే పిడి ఊడి చేతిలోకి వచ్చినట్టు కళ్లకు కట్టేది. తీసినవి మళ్లీ పెట్టేవాడు. సంచీ నోరు మూతపడేది కాదు. చాప చుట్టూ అతను చేస్తున్న ప్రదక్షిణలు చూసి వంటశాలలో భిక్షువులు నవ్వుకున్నారు. సోణుడికి మాత్రం నవ్వు రాలేదు. కిందటేడు ఆ ఊటబాటలోనే ఒక గొర్రెల కాపరికి కాలు పోయింది. తను పొరపాటు చేస్తే ఏం పోతుందో అతనికి బాగా తెలుసు.

ఆఖరికి గురువు దగ్గరికే వెళ్లాడు.

"భంతే, ఏది ముందు చెడిపోతుందో చెప్పండి. అదే పెట్టుకుంటాను."

ఉపసేనుడు చేతికర్ర ఊతంగా వచ్చి చాప పక్కన నిలబడ్డాడు. అన్నిటినీ ఒకసారి కలయజూశాడు. ఏదీ తీసెయ్యమనలేదు, ఏదీ పెట్టమనలేదు. మెల్లగా వంగి ఒక కేబుల్ అందుకున్నాడు. అది ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది.

"దీన్ని విప్పనే లేదే?"

సోణుడు కొంచెం గర్వంగానే చెప్పాడు. అది సరికొత్తదనీ, విప్పితే చెమ్మ తగులుతుందని అలాగే దాచాననీ అన్నాడు. డిటెక్టర్‌కి ఇప్పుడు ఉన్న కేబుల్ ఒళ్లంతా అతుకులేననీ, దాన్ని నమ్ముకుని అంత దూరం వెళ్లలేమనీ అన్నాడు.

గురువు కేబుల్‌ని ఉన్నచోటనే పెట్టి తన గదిలోకి వెళ్లాడు. కాసేపటికి లోపల గోడలోంచి ఏదో పీకుతున్న చప్పుడైంది. తిరిగి వచ్చేసరికి ఆయన చేతిలో తుప్పుపట్టిన మేకు ఒకటి ఉంది. భిక్షాపాత్ర సంచీ తగిలించుకోవడానికి ఎన్నడో తనే కొట్టుకున్న మేకు. దాన్ని సోణుడి సంచీలో పడేసి వెళ్లిపోయాడు.

పెద్దాయనకి చాదస్తం మొదలైందనుకున్నాడు సోణుడు. మేకుతో బాగుపడే భాగం డిటెక్టర్‌లో ఒక్కటీ లేదు.

ఆ ఆరామంలో ఒక ఆచారం ఉంది. ముంగిట్లో ఒక ఇనుప కడ్డీ పాతి ఉంటుంది. పనికి బయల్దేరే ప్రతివాడూ డిటెక్టర్‌ని ముందు దాని మీద ఆడించి, కూత విని, అప్పుడు ఆవరణ దాటాలి. బయల్దేరే రోజు పొద్దున సోణుడు ఆ కడ్డీకి మొక్కినంత పని చేశాడు. డిటెక్టర్ గట్టిగా కూసింది. అయినా గుండె కుదుటపడలేదు. వసారాలోకి తిరిగొచ్చి సంచీ మళ్లీ విప్పాడు. ఇంకో జత బ్యాటరీలు కుక్కాలంటే చోటు చాలడం లేదు. మేకు తీసి చాప మీద పెట్టాడు. మేకు ఆక్రమించే చోటెంతని? కానీ ఆ రోజు సోణుడికి గోరంత చోటు కూడా అపురూపమే. వెనకాలే వస్తున్న గురువు చాప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆయనా మెట్లు దిగాడు.

దారి పొడుగునా సోణుడు భయంతోనే నడిచాడు. ఆగినచోటల్లా డిటెక్టర్‌ని అటూ ఇటూ తిప్పి అతుకులు తడిమి చూసుకునేవాడు. ఒక అతుకు నిన్నటికంటే వదులైనట్టు అనిపించేది. మర్నాడు ఇంకొకటి అనిపించేది. ఉపసేనుడు చూస్తూ ఊరుకునేవాడు.

ఊరికి చేరేసరికి ఎవరూ దాటకుండా బాట మొదట్లో కట్టిన ఎర్రతాడు దగ్గర ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. వాళ్లకు పెద్ద ఖేమ అనే నడివయసు మనిషి. కిందటేడు కాలు పోగొట్టుకున్న కాపరి ఆమె తమ్ముడే. ఊళ్లో ఉన్న ఒక్క చెలమా ఈ ఎండకు అడుగంటిపోయిందని ఆమె చెప్పింది. పిల్లలకు బురదనీళ్లు వడగట్టి తాగిస్తున్నారట. చెప్పాల్సింది చెప్పి సోణుడి మొహంలోకి సూటిగా చూసింది.

"సామీ, మీరు తెరిచినా తెరవకపోయినా రేపు మేం తాడు దాటతాం. దాహం ఆగదు కదా."

సోణుడు సంచీ దించాడు. తాడు దగ్గర కూర్చుని డిటెక్టర్ చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు మళ్లీ అతుకుల మీదికే పోయాయి. సరిగ్గా బాట నడిమధ్యలో ఉండగా ఈ అతుకు ఊడితే? ఆ ఆలోచన వచ్చాక ఇక నిలవలేకపోయాడు. పాత కేబుల్ పీకేశాడు. కవరు చింపి కొత్తది బిగించాడు. పిడి మీద ఆకుపచ్చ దీపం చక్కగా వెలిగింది. దాన్ని చూశాక ప్రాణం లేచొచ్చింది.

చెవులకు తగిలించుకుని, తాడు అవతలి నేల మీద పళ్లెం ఆడించాడు. చప్పుడు లేదు. కుడినుంచి ఎడమకు ఆడించాడు. ఎడమనుంచి కుడికి ఆడించాడు. చప్పుడు లేదు. ఎంత హాయిగా ఉందో ఆ నిశ్శబ్దం. ఇన్ని రోజుల తర్వాత అతని భుజాలు మొదటిసారి సడలాయి. లేచి నిలబడి, మొదటి అడుగు మేరకు ఏమీ లేదని ఖేమకు తల ఊపాడు. ఆమె బిందె చంకనెత్తుకుంది. సోణుడు తాడు దాటడానికి కాలెత్తాడు.

"సోణా, కాలు వెనక్కి తియ్యి."

గురువు ఎప్పుడు లేచి వచ్చాడో ఎవరూ చూడలేదు. సరిగ్గా సోణుడి వెనకే ఉన్నాడు. అరవలేదు. మామూలు గొంతుతోనే అన్నాడు. సోణుడు కాలు వెనక్కి తీశాడు. ఉపసేనుడు చీవరం కొంగుముడి విప్పి, సోణుడు చాప మీద వదిలేసి వచ్చిన మేకు తీసి, తాడుకి ఇవతల అందరూ తిరిగే నేల మీద పడేశాడు.

"దీని మీద ఒకసారి ఆడించు."

సోణుడు ఆడించాడు. చప్పుడు లేదు. పళ్లెం ఇంకా కిందికి దించాడు. మేకుకు తగిలేదాకా దించాడు. చెవులకున్నవాటిని రెండు చేతులా అదిమిపట్టుకుని విన్నాడు. తన గుండె కొట్టుకోవడం తప్ప ఏమీ వినిపించలేదు. పిడి మీద ఆకుపచ్చ దీపం మాత్రం ఇందాకటిలాగే వెలుగుతోంది.

ఖేమ బిందె కిందికి దించేసింది.

దీపానికి బ్యాటరీ ఉంటే చాలు, కానీ కొత్త కేబుల్ లోపల తీగ ఎక్కడో తెగి ఉంది. పైకి మాత్రం కొత్త పెళ్లికూతురులా మెరుస్తోంది. సోణుడు దాన్ని తీసేసి అతుకుల కేబుల్ మళ్లీ బిగించాడు. మర మూడోసారికి గాని ఎక్కలేదు. మేకు మీద పట్టగానే డిటెక్టర్ చెవులు గింగురుమనేలా కూసింది.

అప్పుడు తాడు వైపు తిరిగాడు. ఇందాక తను వెతికిన నేలనే మళ్లీ వెతికాడు. ఎత్తిన కాలు ఎక్కడ మోపబోయాడో సరిగ్గా అక్కడ, అదే కూత.

ఆ మందుపాతరను తవ్వి తీసేసరికి మధ్యాహ్నం దాటింది. సబ్బుపెట్టె కంటే పెద్దదేం కాదు. దాన్ని దూరంగా గోతిలో భద్రపరిచి వచ్చి సోణుడు గురువు ముందు కూలబడ్డాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"చెడిపోతుందేమోనని ఇన్ని మోసుకొచ్చాను భంతే. తీరా చెడిపోతే నాకు తెలియనే లేదు."

ఉపసేనుడు చేతికర్ర మీద వాలి అతని వైపు వంగాడు.

"ఆరామంలో నువ్వు భయపడ్డావు. దారంతా భయపడ్డావు. నేనేమీ అనలేదు," అన్నాడు. "ఇందాక డిటెక్టర్ ఊరుకుంది. దాంతోపాటు నీ భయమూ ఊరుకుంది. నాకు అప్పుడు భయమేసింది."

సోణుడు మొహం తుడుచుకుని లేచాడు. తాడును ఒక్క అడుగు ముందుకు జరిపి కట్టాడు. ఊట ఇంకా చాలా దూరంలో ఉంది. ఖేమ బిందె ఎత్తుకోబోయి అతని వైపు చూసింది. కాస్త ఆగమని ఆమెకు చేత్తో సైగ చేసి, అతను వంగి నేల మీది మేకు అందుకుని డిటెక్టర్ పళ్లెం ముందు పెట్టాడు.