గోడ మీద బావి

బావి కూడా లేని కుమ్మరివీధి పాడుపడుతోంది. ఇళ్లకు సున్నం వేసే పోలమ్మ పూనుకుని, వీధివాళ్లందరిచేతా గోడల నిండా బొమ్మలు వేయించింది. చూడవచ్చిన జనం కుండలూ కొన్నారు. వీధికి మళ్లీ కళ వచ్చింది.

సంగతి తెలిసి దివాను వచ్చాడు.

"అందరికన్నా పెద్దగా నా బొమ్మ వెయ్యి. జనానికి మేలు చేస్తున్నట్టుండాలి" అన్నాడు.

ఆయన వీధి మొగలో బావి తవ్వించి నీళ్లు పంచుతున్నట్టు వేసింది పోలమ్మ. దివాను మురిసిపోయాడు.

మర్నాడే బొమ్మ చూసినవాళ్లంతా బిందెలతో ఆయన గుమ్మం ముందు బారు తీరారు. "బావెక్కడ బాబూ?"

దివాను పోలమ్మను పిలిపించి, "ఆ బొమ్మ చెరిపెయ్యి!" అని అరిచాడు.

"చెరిపేస్తాను దొరా. కానీ అప్పుడు జనం, ఉన్న బావిని మీరే పూడ్పించారనుకుంటారు."

దివాను నెల తిరక్కుండా బావి తవ్వించాడు, సరిగ్గా బొమ్మలో ఉన్నచోటే.