పందొమ్మిది శుభోదయాలు

మా ఊరి గవర్రాజు గారు మర్యాదస్థులు. వాట్సాప్‌లో ఎవరేం పంపినా దండం బొమ్మ పెట్టేస్తారు.

ఆయన గోదాము కడుతున్నది తవిటయ్య మేస్త్రీ. సిమెంటు తెప్పించే పూచీ ఆయనది, కట్టే పూచీ మేస్త్రీది. గడువులోగా స్లాబు పడకపోతే పని గవర్రాజు గారి బావమరిదికి పోతుందని ఒప్పందం. గడువు దాటింది. పెద్దలు కూర్చున్నారు.

“సిమెంటు లేదని ఒక్కరోజైనా చెప్పాడా వీడు?” అని గర్జించారు గవర్రాజు గారు.

“రోజూ చెప్పాను బాబూ. తమరు రోజూ దండం పెట్టారు.”

తవిటయ్య ఫోను చూపించాడు. పందొమ్మిది ఉదయాలు, పందొమ్మిది ఖాళీ షెడ్డు ఫోటోలు. ప్రతిదాని మీదా ‘శుభోదయం, సిమెంటు లేదు’ అని ఉంది. కింద గవర్రాజు గారి దండం.

“పొద్దున్నే వందొస్తాయి. అవన్నీ ఎవడు చూస్తాడు?”

తవిటయ్య పెద్దల వైపు తిరిగాడు. “తమరు పంపినవాటికీ దండాలే వచ్చాయా బాబూ?”

పెద్దల ముఖాలు చిన్నబోయాయి. వాళ్లలో ఒకరైన సూరప్పడు గారు మెల్లగా అడిగారు. “అయితే మా మనవడి అన్నప్రాసన ఫోటోలు కూడా చూడలేదా బావా?”

గవర్రాజు గారికి చెమట పట్టింది. “చూశాను బావా! అన్నీ చూశాను!”

“అయితే ఇవీ చూసినట్టే” అని తీర్పు చెప్పేశారు సూరప్పడు గారు. పని తవిటయ్యదే, గడువు పందొమ్మిది రోజులు పెరిగింది.

సిమెంటు మర్నాడే దిగింది. గవర్రాజు గారు ఇప్పుడు ప్రతి ఫోటోకీ కళ్లజోడు పెట్టుకుంటున్నారు.