జిక్ర్ మధ్యలో మంచినీళ్లు

రియాజ్‌కు ఆ వారమంతా తిండి సయించలేదు. సోమవారం ఆసుపత్రిలో రక్తపరీక్ష. ఇన్నాళ్లూ ఫోన్‌లో తను చెబుతూ వచ్చిన అబద్ధం అక్కడ బయటపడక మానదు.

ఇరవై రెండేళ్ల కుర్రాడు. పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉంది. రోజూ సాయంత్రం ఏడింటికి మాత్ర వేసుకోవాలి. ఆ వేళకు జేబులో ఫోన్ వణుకుతుంది, "మాత్ర వేసుకున్నారా?" అని అడుగుతుంది. "వేసుకున్నాను" అని నొక్కితే ఆసుపత్రిలో కౌన్సెలర్ మేడంకు తెలుస్తుంది. వెంటనే "శభాష్" అని జవాబొస్తుంది.

కడప శివార్లలో సూఫీ గురువు నూరుల్లా బాబా దగ్గర చేరాక చిక్కొచ్చి పడింది. సరిగ్గా ఆ వేళకే అక్కడ అందరూ గుండ్రంగా కూర్చుని జిక్ర్ చేస్తారు, మౌనంగా దేవుడి పేరు తలుచుకుంటారు. బాబా లేచేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి? అందుకే రియాజ్ జేబులో చెయ్యి పెట్టి "వేసుకున్నాను" అని నొక్కేసేవాడు. ఫోన్‌కేం తెలుసు పాపం, నొక్కితే నమ్ముతుంది. తర్వాత వేసుకుందామంటే భోజనం దగ్గరా, పడక దగ్గరా పక్కన ఎవరో ఒకరుండేవారు. చాలా రోజులు మాత్ర డబ్బాలోనే ఉండిపోయింది. శభాష్‌లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

చివరికి బాబా ఒంటరిగా దొరికినప్పుడు అంతా చెప్పేశాడు.

"భయంగా ఉంది బాబా. మందు తప్పితే జబ్బు ముదురుతాదంట. వీళ్లకు తెలిస్తే నా పక్కన కూర్చుంటారా?"

బాబా ఓదార్చలేదు, కోప్పడలేదు. "ఎన్నింటికి బేటా?" అన్నాడు.

"ఏడింటికి."

మర్నాడు జిక్ర్ నడుస్తుండగా ఫోన్ వణికింది. రియాజ్ చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది.

బాబా లేచాడు.

ఆయన లేస్తే అందరూ లేవాల్సిందే. బిత్తరపోతూ లేచారు. బాబా కుండ దగ్గరికెళ్లి, గ్లాసులు ముంచి ఒక్కొక్కరికీ నీళ్లందించాడు. ఆ సందడిలో రియాజ్ జేబులోని డబ్బాలోంచి మాత్ర తీసి, నోట్లో వేసుకుని మింగేశాడు.

"ఇదేంది బాబా, మధ్యలో లేస్తిరి?" అందరికన్నా పాత శిష్యుడు జబ్బార్ ఉండబట్టలేక అడిగాడు.

"దప్పికైంది. రేపూ అవుతాది."

ఖాళీ గ్లాసు అందుకునే నెపంతో బాబా రియాజ్ దగ్గర ఆగాడు. వాడికి మాత్రమే వినబడేలా అన్నాడు:

"ఇప్పుడు నొక్కు."

రియాజ్ నొక్కాడు. శభాష్ వచ్చింది. దాని కింద రాశాడు: "మేడం, చాలా రోజులు అబద్ధం చెప్పినా. ఇయ్యాల్టిది నిజం."